కామా ఒకటి లేదని చెప్పిన కంప్యూటర్: జాన్ బ్యాకస్ జీవితం



ప్రతి నెలా ఈ పేజీలో ఒక ప్రముఖ వ్యక్తి జీవితం చదువుతున్నాం. ఈసారి ఎంచుకున్న పేరు జాన్ బ్యాకస్. కంప్యూటర్ చదువుకున్నవాళ్లకు బాగా తెలిసిన పేరు, మిగతావాళ్లకు కొంచెం కొత్త. మీ ఇంట్లో 1970ల్లోనో 80ల్లోనో ఇంజినీరింగ్ చదివిన పెదనాన్నగారో మేనమామగారో ఉంటే వారి ముందు ఫోర్ట్రాన్ అనే మాట అని చూడండి. ముందు ఒక నవ్వు వస్తుంది, ఆ వెంటనే పంచ్ కార్డుల కథ ఒకటి వస్తుంది. ఆ ఫోర్ట్రాన్ భాషను ఐబీఎం కంపెనీలో తయారుచేసిన బృందానికి నాయకుడు బ్యాకస్.

ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానో చెప్తాను. మన పిల్లలు ఈ ఏడాది కంప్యూటర్ ల్యాబ్‌లో సొంతంగా ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. రాసింది నడవకపోతే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. చాలామంది వాటిని చదవరు. చప్పున విండో మూసేసి, పక్కవాళ్ల ప్రోగ్రాం చూసి మొత్తం మళ్లీ టైప్ చేస్తారు. స్లిప్ టెస్టులో మార్కులు తగ్గితే పేపర్ బ్యాగు అడుగున దాచిపెట్టడం లాంటిదే ఇది. ఎన్నో లైనులో ఏం జరిగిందో ఆ ఎర్ర అక్షరాల్లోనే రాసి ఉంటుంది. తప్పు ఇదిగో ఇక్కడ ఉంది అని యంత్రం చేత చెప్పించడానికి ఒకప్పుడు మనుషులు సంవత్సరాల తరబడి కష్టపడ్డారు. ఆ కష్టంలో ముందు వరుసలో ఉన్న మనిషి, చిన్నప్పుడు స్కూల్లో ఏటా తప్పిన పిల్లవాడు.

జాన్ 1924 డిసెంబర్ 3న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. పెరిగింది డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో. తండ్రి రసాయన రంగంలో పనిచేసి, తర్వాత షేర్ల వ్యాపారంలోకి వెళ్లి బాగా సంపాదించారు. జాన్‌కు తొమ్మిదేళ్లు నిండకముందే తల్లి చనిపోయింది. పెన్సిల్వేనియాలో హిల్ స్కూల్ అనే పేరున్న హాస్టల్ స్కూల్లో వేశారు. చదువు మీద ధ్యాస లేదు. ఏటా తప్పడం, తప్పినందుకు వేసవిలో న్యూ హాంప్‌షైర్‌లో జరిగే సమ్మర్ స్కూల్‌కు వెళ్లడం. అక్కడ పడవ నడపడం దొరికేది కాబట్టి ఆ శిక్ష అతనికి పెద్ద శిక్షగా అనిపించలేదు.

1942లో ఎలాగో స్కూలు గట్టెక్కాడు. తండ్రి కోరిక మేరకు వర్జీనియా విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీలో చేరాడు. థియరీ నచ్చింది, ల్యాబ్ నచ్చలేదు. రెండో సెమిస్టర్ చివరికి వచ్చేసరికి వారానికి ఒక్క క్లాసుకే వెళ్తున్నాడు. అది సంగీతం వినడం నేర్పే క్లాసు. కాలేజీ అతన్ని పంపించేసింది. మన దగ్గరైతే ఈ పిల్లవాడి ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా ఉండేది కాదు.

1943లో సైన్యంలో చేరాడు. అక్కడ పెట్టిన ఒక పరీక్షలో మంచి మార్కులు రావడంతో సైన్యమే ఇంజినీరింగ్ చదవడానికి పిట్స్‌బర్గ్ పంపింది. ఇంకో పరీక్ష పెట్టి వైద్యం చదవడానికి పంపింది. అట్లాంటిక్ సిటీలోని ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్సల వార్డులో పనిచేస్తున్నప్పుడు అతని పుర్రె ఎముకలోనే కణితి ఉన్నట్టు తేలింది. దాన్ని తీసి, ఆ చోట లోహపు పలక పెట్టారు. తర్వాత న్యూయార్క్‌లో మెడికల్ కాలేజీలో చేరి తొమ్మిది నెలల్లో మానేశాడు. బట్టీ పట్టడం తప్ప అక్కడ వేరే పని లేదని అతనికి అనిపించింది. ఈలోగా తలలోని పలక సరిగా కుదరలేదు. దాన్ని మార్చాల్సి వచ్చినప్పుడు కొత్త పలక రూపకల్పనలో తనూ చెయ్యి వేశాడు. కుదరని దాన్ని విప్పి, ఎందుకు కుదరలేదో చూసి, మళ్లీ చేయడం బహుశా అతనికి అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

1946లో సైన్యం నుంచి బయటికొచ్చేసరికి ఇరవై ఒక్కేళ్లు. చేతిలో డిగ్రీ లేదు, ఏం చేయాలో తెలియదు. నెలకు 18 డాలర్ల అద్దెతో న్యూయార్క్‌లో చిన్న గది తీసుకున్నాడు. ఉన్న కోరిక ఒక్కటే, పాటలు బాగా వినిపించే మంచి మ్యూజిక్ సెట్ కావాలి. ఆ రోజుల్లో అలాంటివి కొనడానికి దొరకడం కష్టం కాబట్టి తనే చేసుకుందామని రేడియో మెకానిక్ స్కూల్లో చేరాడు. అక్కడి మాస్టారు ఒక యాంప్లిఫయర్‌కు సంబంధించిన వక్రరేఖ గీయడానికి లెక్కలు చేసిపెట్టమని అడిగారు. విసుగు పుట్టించే లెక్కలే. కానీ ఆ వక్రరేఖ మీద ఒక్కో బిందువు పడుతుంటే గణితం అంటే ఇష్టం పుట్టింది. ఆ ఇష్టంతోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి 1949లో గణితంలో డిగ్రీ, 1950లో ఎంఏ పూర్తి చేశాడు. ఆ మాస్టారు ఆయనకు పెట్టింది టెస్టు కాదు, తనకు నిజంగా అవసరమైన పని. టీచర్లం ఈ తేడా గమనించాలి.

1949లో ఒకరోజు మాడిసన్ అవెన్యూలోని ఐబీఎం కార్యాలయం చూడటానికి వెళ్లాడు. అక్కడ ఎస్ఎస్ఈసీ అనే పెద్ద లెక్కల యంత్రం ఉండేది. వేల వాక్యూమ్ ట్యూబులు, అంతకంటే ఎక్కువ రిలేలు, గోడల పొడవునా యంత్రమే. దారిన పోయేవాళ్లు కూడా అద్దాల్లోంచి చూసేలా పెట్టారు. చూపిస్తున్నావిడతో తనకు ఉద్యోగం కావాలన్న మాట అంటే, ఆవిడ వెంటనే పైఅధికారి దగ్గరకు పంపింది. తన బట్టలు ఇంటర్వ్యూకు వెళ్లేలా లేవని చెప్పినా వినలేదు. ఆ అధికారి ఒక చిక్కు ప్రశ్న ఇచ్చారు, బ్యాకస్ విప్పారు, ఉద్యోగం వచ్చింది. ఇక్కడినుంచి ఆయన జీవితమంతా ఐబీఎంలోనే.

ఎస్ఎస్ఈసీ మీద సుమారు మూడేళ్లు పనిచేశారు. చంద్రుడి స్థానాలు లెక్కించడం లాంటి పనులు దానికి ఇచ్చేవారు. ఆ యంత్రానికి జ్ఞాపకశక్తి దాదాపు లేదు. ప్రోగ్రాం మొత్తం కాగితపు టేపుల మీద ఉండేది. నడుస్తూ నడుస్తూ కొన్ని నిమిషాలకోసారి ఏదో పొరపాటుతో ఆగిపోయేది. ఎందుకు ఆగిందో అది చెప్పేది కాదు. పక్కనే నిలబడి, ఎక్కడివరకు వచ్చిందో చూసి, ఎక్కడినుంచి మళ్లీ నడిపించాలో మనిషే తేల్చుకోవాలి.

ప్రోగ్రాం నడుస్తుండగా వచ్చే ఇలాంటి పొరపాటునే ఇప్పుడు రన్‌టైమ్ ఎర్రర్ అంటున్నాం. మన స్టేషన్ నుంచే ఉదాహరణ చెప్పుకోవచ్చు. కౌంటర్లో లేని ఊరి పేరు చెప్తే టికెట్ ఇవ్వరు. ప్రయాణమే మొదలవదు. అది కంపైల్ ఎర్రర్. టికెట్ తీసుకుని సికింద్రాబాద్ వైపు బయల్దేరిన రైలు ఆలేరు దాటాక ఆగిపోతే అది రన్‌టైమ్ ఎర్రర్. ఇక మూడోది ఉంది. రైలు ఎక్కడా ఆగలేదు, హాయిగా కిటికీ పక్క సీటు దొరికింది, దిగి చూస్తే విజయవాడ. మొదటి రెండూ మనకు తెలుస్తాయి. మూడోది దిగేదాకా తెలియదు.

డీబగ్గింగ్ అనే మాట గురించి ఒక ముక్క. 1947 సెప్టెంబర్‌లో హార్వర్డ్‌లోని మార్క్-2 యంత్రం రిలేలో చిక్కుకున్న ఒక చిమ్మట దొరికింది. దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అతికించారు. గ్రేస్ హాపర్ ఆ కథను తర్వాత చాలాసార్లు చెప్పడంతో ఆ మాట అక్కడే పుట్టిందని చాలామంది అనుకుంటారు. యంత్రాల్లో లోపాన్ని పురుగు అనడం ఎడిసన్ కాలం నుంచే ఉంది. పిల్లలు క్విజ్‌లో రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకుంటే బాగుంటుంది.

బ్యాకస్ దగ్గరకు వద్దాం. తర్వాత వచ్చిన ఐబీఎం 701 యంత్రం కోసం 1953లో ఆయన స్పీడ్‌కోడింగ్ అనే సాధనం చేశారు. రాయడం సులువైంది గానీ ప్రోగ్రాములు నెమ్మదిగా నడిచేవి. అప్పట్లో కంప్యూటర్ కేంద్రాల ఖర్చు లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ల జీతాలు కంప్యూటర్ ఖర్చంత ఉండేవి, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే. పైగా కంప్యూటర్ నడిచే సమయంలో పావు వంతు నుంచి సగం దాకా తప్పులు వెతకడానికే పోయేది. రెండూ కలిపితే మొత్తం ఖర్చులో నాలుగింట మూడు వంతుల దాకా వెళ్లేది. అసలు లెక్కకు మిగిలింది చాలా తక్కువ.

అందుకే 1953 చివరిలో తన పైఅధికారి కత్‌బర్ట్ హర్డ్‌కు ఒక లేఖ రాశారు. గణిత సూత్రాన్ని కాగితం మీద రాసుకున్నట్టే రాస్తే, దాన్ని యంత్రానికి అర్థమయ్యే సూచనలుగా కంప్యూటరే మార్చుకునేలా ఒక ప్రోగ్రాం చేద్దామని. హర్డ్ ఒప్పుకున్నారు. అలా కొత్త ఐబీఎం 704 కోసం ఫోర్ట్రాన్ పని మొదలైంది. సూత్రాల అనువాదం అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటల ముందు అక్షరాలు కలిపి పెట్టిన పేరు అది.

బృందం చిన్నది. ఇర్వింగ్ జిల్లర్, హార్లన్ హెరిక్, రాబర్ట్ నెల్సన్, షెల్డన్ బెస్ట్, రాయ్ నట్, పీటర్ షెరిడన్, రిచర్డ్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ సేయర్, అప్పుడే కాలేజీ పూర్తి చేసుకుని వచ్చిన లోయిస్ హైబ్ట్ అనే అమ్మాయి. మన ఆడపిల్లల తల్లిదండ్రులు ఆ పేరు గుర్తుంచుకోవాలని నా కోరిక. ప్రోగ్రాంలో ఏ భాగం ఎన్నిసార్లు నడుస్తుందో విశ్లేషించే కష్టమైన భాగం ఆమె చేసింది. పగలు కంప్యూటర్ దొరకదు కాబట్టి దగ్గర్లోని లాంగ్డన్ హోటల్లో గదులు తీసుకుని పగలు కాసేపు పడుకుని రాత్రంతా పనిచేసేవారు. ఆరు నెలల్లో అయిపోతుందని అడిగినవాళ్లకల్లా చెప్పేవారు. దాదాపు మూడేళ్లు పట్టింది.

బయట నమ్మినవాళ్లు తక్కువ. యంత్రభాషలో రాసే అనుభవజ్ఞులు, మనిషి చేత్తో రాసినంత చురుగ్గా యంత్రం రాయలేదని అనేవారు. అందుకే బ్యాకస్ బృందం తమ అనువాదకం ఇచ్చే సూచనలు చేత్తో రాసినవాటికి దీటుగా ఉండాలని పట్టుపట్టింది. ఆ పట్టుదల వల్లే ఆలస్యమైంది, ఆ పట్టుదల వల్లే నిలిచింది.

1957 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం పిట్స్‌బర్గ్ దగ్గర వెస్టింగ్‌హౌస్ బెటిస్ ప్రయోగశాలకు ఒక పెట్టె వచ్చింది. దానికి వివరాల కాగితం లేదు, మాన్యువల్ లేదు. లోపల సుమారు రెండువేల పంచ్ కార్డులు. ఇదే ఫోర్ట్రాన్ అయ్యుంటుందని అక్కడివాళ్లు ఊహించారు. తమ దగ్గర సిద్ధంగా ఉన్న ఒక చిన్న ప్రోగ్రాంతో కలిపి 704లో వేశారు. కాసేపటికి ప్రింటర్ కదిలింది. వచ్చింది జవాబు కాదు. మీ ప్రోగ్రాంలో తప్పుంది, ఫలానా రకం గో టు వాక్యంలో కుడి బ్రాకెట్ తర్వాత కామా లేదు అన్న సమాచారం.

గదిలో ఉన్నవాళ్లకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించండి. అప్పటిదాకా యంత్రం ఆగిపోవడమే తెలుసు. ఇది మొదటిసారి ఒక బయటి ప్రోగ్రాంను చదివి, ఎక్కడ ఏ గుర్తు తప్పిపోయిందో చెప్పింది. ఆ కార్డు మళ్లీ కొట్టి, కామా పెట్టి వేస్తే ప్రోగ్రాం నడిచి ఫలితాలు వచ్చాయి.

అదే ఏడాది బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ గురించి ప్రచురించిన వ్యాసంలో ఇంకో సంఘటన ఉంది. నాకు అది మరీ ఇష్టం. ఒక ప్రోగ్రామర్ ఒక్కరోజు ఫోర్ట్రాన్ క్లాసు విని, మాన్యువల్ కొంత చూసుకుని, ఒక పని మొదలుపెట్టాడు. పాత పద్ధతిలో రాయడానికే మూడు రోజులు, తప్పులు వెతకడానికి ఎన్ని రోజులో తెలియదు. ఫోర్ట్రాన్‌లో నాలుగు గంటల్లో 47 వాక్యాల్లో రాశాడు. 704 ఆరు నిమిషాల్లో వాటిని సుమారు వెయ్యి యంత్ర సూచనలుగా మార్చింది. నడిపితే జవాబు తప్పు వచ్చింది. యంత్రం ఏ ఫిర్యాదూ చేయలేదు. ఇందాక చెప్పుకున్న మూడో రకం, విజయవాడలో దిగిన రైలు. అతను ఆ తప్పు జవాబునే కూర్చుని చదివాడు. జవాబు ఎలా తప్పిందో చూసి, తను రాసిన ఏ వాక్యం వల్ల అలా వస్తుందో పట్టుకున్నాడు. ఆ వాక్యం మార్చి మళ్లీ నడిపితే సరిపోయింది. వెయ్యి సూచనల్లో వెతకాల్సినవాడు 47 వాక్యాల్లో వెతికాడు, అదీ తన మాటల్లాంటి వాక్యాల్లో. బ్యాకస్ ఇచ్చిన నిజమైన సాయం ఇదే అంటాను.

ఆ భాషలోనూ కొత్త రకం తప్పులు పుట్టాయి. వాటిని దాచి బ్యాకస్‌ను పొగడటం న్యాయం కాదు. ఫోర్ట్రాన్‌లో ఒక నియమం ఉంది. ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాల్లో ఒకదానితో పేరు మొదలైతే, వేరే చెప్పకపోతే అది పూర్ణసంఖ్య. ఇప్పుడు ఒక విద్యార్థి సగటు మార్కులు లెక్కిస్తున్నామనుకోండి. పేరు మార్క్స్ అని పెట్టాం. ఎమ్‌తో మొదలైంది. సగటు 59.5 రావాలి, కానీ అందులో 59 మాత్రమే నిలుస్తుంది. అర మార్కు మాయం. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఆగదు, ప్రోగ్రెస్ కార్డు అందంగా ప్రింటవుతుంది. అర మార్కుతో ర్యాంకు మారిపోయే మన చోట ఇది చిన్న విషయం కాదు.

ఇంకోటి, పేరు తప్పుగా టైప్ చేయడం. టోటల్ అని ఒక లైనులో రాసి, ఇంకో లైనులో ఒక అక్షరం మారితే ఫోర్ట్రాన్ దాన్ని కొత్త పేరుగా తీసుకుంటుంది. అందులో ఏ చెత్త సంఖ్య ఉందో దానితోనే లెక్క చేస్తుంది. అందుకే తర్వాతి కాలంలో ఇంప్లిసిట్ నన్ అనే వాక్యం వచ్చింది. ప్రోగ్రాం మొదట్లో అది రాస్తే, ముందే చెప్పని పేరు ఏది కనిపించినా కంపైలర్ ఆపేస్తుంది. ఫోర్ట్రాన్ నేర్పేవాళ్లు ఇప్పుడు మొదటి రోజే రాయించే లైను ఇది.

మూడోది వరుస హద్దు దాటడం. 40 మంది పిల్లల మార్కులకు చోటు కేటాయించి, 41వ సంఖ్య రాశామనుకోండి. అది పక్కనున్న వేరే దాని చోటులో పడుతుంది. ప్రోగ్రాం అప్పుడే ఆగకపోవచ్చు. చాలాసేపటి తర్వాత, ఆ పాడైన చోటును వాడుకునే దగ్గర కుప్పకూలుతుంది. ఎర్రర్ చూపించిన లైను ఒకటి, తప్పు జరిగిన లైను ఇంకొకటి. పిల్లలకు ఇది అర్థం చేయించడం కష్టం. కూలిన లైను దగ్గరే గంటసేపు కూర్చుంటారు. అక్కడినుంచి వెనక్కి నడవాలి. ఇప్పటి కంపైలర్లకు హద్దులు తనిఖీ చేయమని ముందే చెప్పే సౌకర్యం ఉంది. అలా చెప్తే ఎన్నో స్థానం దాటిందో, ఏ లైనులో దాటిందో చెప్పి ఆపుతుంది. ప్రోగ్రాం కొంచెం నెమ్మదిస్తుంది, నేర్చుకునేటప్పుడు దానికి ఫర్వాలేదు.

పంచ్ కార్డుల కాలంలో తప్పు ప్రోగ్రాంలో కాకుండా ఇచ్చిన సంఖ్యల్లో కూడా ఉండేది. కార్డు మీద 80 గళ్లు. ఏ సంఖ్య ఏ గడిలో ఉండాలో ముందే నిర్ణయిస్తారు. ఖాళీ గడిని సున్నాగా చదివే పద్ధతి కాబట్టి, మూడు గళ్ల చోటులో 85 ఒక్క గడి ఎడమకు జరిగితే అది 850 అయ్యేది. అందుకే చదివిన సంఖ్యను చదివినట్టే ముందు ప్రింట్ చేసి చూడమనేవారు. ఈ సలహాకు ఇప్పటికీ తిరుగులేదు. చేత్తో జవాబు తెలిసిన చిన్న లెక్కతో ముందు నడిపి చూడటం, సగం దాకా వచ్చిన విలువ సరిగ్గా ఉందో లేదో ప్రింట్ చేయడం, సరిగ్గా ఉంటే తప్పు రెండో సగంలో ఉందని తేల్చుకోవడం. భాగించే ముందు కింది సంఖ్య సున్నా అవుతుందేమో చూసుకోవడం. పరీక్షకు ఒక్కరూ రాని సెక్షన్‌కు సగటు లెక్కిస్తే ఆగిపోయేది ఇక్కడే.

ఫోర్ట్రాన్ మీద ఒక పెద్ద నింద ఉంది. 1962 జూలై 22న శుక్ర గ్రహం వైపు బయల్దేరిన మారినర్-1 దారి తప్పడంతో 293 సెకన్లకు దాన్ని పేల్చేయాల్సి వచ్చింది. ఫోర్ట్రాన్ ప్రోగ్రాంలో కామా బదులు చుక్క పడటమే కారణమని చాలా పుస్తకాల్లో ఉంది. అది నిజం కాదు. దిశా సమీకరణాలను రాసుకునేటప్పుడు ఒక అక్షరం పైన ఉండాల్సిన చిన్న గీత వదిలేయడం అసలు కారణాల్లో ఒకటి. అలాగని చుక్క కథ పూర్తిగా కట్టుకథా కాదు. ఫోర్ట్రాన్ వాక్యంలో ఖాళీలను పట్టించుకోదు. ఒక పనిని ఒకటి నుంచి పది దాకా తిప్పమని చెప్పే డూ వాక్యంలో కామా బదులు చుక్క పడితే, అంతా కలిసి ఒక కొత్త పేరుకు 1.10 అనే విలువ ఇచ్చినట్టవుతుంది. కంపైలర్ ఏమీ అనదు, పని ఒక్కసారే జరుగుతుంది. నాసా మెర్క్యురీ ప్రాజెక్టు రోజుల్లో కక్ష్య లెక్కల ప్రోగ్రాంలో అలాంటి చుక్క దొరికింది. జవాబులు ఉండాల్సినంత కచ్చితంగా లేవని ఒకరికి అనుమానం వచ్చి వెతికితే బయటపడింది.

ఫోర్ట్రాన్ మన దేశానికి వచ్చి కూడా అరవై ఏళ్లు దాటింది. 1963లో ఐఐటీ కాన్పూర్‌కు వచ్చిన ఐబీఎం 1620 మీద విద్యార్థులు ఫోర్ట్రాన్ నేర్చుకున్నారు. అక్కడ పాఠాలు చెప్పిన వి. రాజారామన్ గారి పుస్తకాలతో దేశమంతా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక తరం ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. సొంతంగా కంప్యూటర్లు తయారుచేసే పని హైదరాబాద్‌లోనే 1967లో ఏర్పడిన ఈసీఐఎల్‌లో జరిగింది. దానికి నాయకత్వం వహించిన అయ్యగారి సాంబశివరావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఏఎస్ రావు నగర్ అంటే ఆయన పేరే. వానాకాలంలో పత్తి గింజలు పెట్టే ముందు మనం ఫోన్లో చూసుకునే వర్షసూచన వెనక ఉన్న పెద్ద వాతావరణ నమూనాల్లో చాలా భాగం నేటికీ ఫోర్ట్రాన్‌లోనే ఉన్నాయి. ఆ లెక్కలో ఒక సంఖ్య హద్దు దాటితే నష్టం ల్యాబ్‌లో ఆగదు.

ఫోర్ట్రాన్ తర్వాత బ్యాకస్ చేసిన ఇంకో పని, ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణాన్ని కచ్చితంగా రాసే పద్ధతి. 1959లో ఆయన ప్రతిపాదించిన దాన్ని డెన్మార్క్‌కు చెందిన పీటర్ నౌర్ మెరుగుపరిచారు. ఇద్దరి పేర్లతో బీఎన్ఎఫ్ అంటారు. 1967లో ఇంగర్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక పత్రికకు లేఖ రాస్తూ, ఇలాంటి పద్ధతినే సంస్కృత వ్యాకరణానికి పాణిని ఎప్పుడో వాడాడు కాబట్టి దీన్ని పాణిని-బ్యాకస్ రూపం అనాలని సూచించారు. ఆ పేరు స్థిరపడలేదు గానీ, సంధి సూత్రాలు నేర్చుకుంటున్న మన పిల్లలకు ఈ సంగతి చెప్తే తెలుగు పీరియడ్‌కూ కంప్యూటర్ పీరియడ్‌కూ ఉన్న దూరం కొంచెం తగ్గుతుంది.

1963లో ఐబీఎం ఫెలో అయ్యారు, 1975లో అమెరికా జాతీయ సైన్స్ పతకం అందుకున్నారు. 1977లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ సందర్భంగా ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన తన పనిని తనే విమర్శించుకున్నారు. ఫోర్ట్రాన్ నుంచి వచ్చిన భాషలన్నీ జ్ఞాపకశక్తి నుంచి ఒక్కో విలువ తెచ్చి, మార్చి, మళ్లీ అక్కడ పెట్టడం చుట్టూనే తిరుగుతున్నాయని, బావిలోంచి ఒక్క చేదతో ఊరంతటికీ నీళ్లు తోడినట్టు ఉందని ఆయన ఉద్దేశం. పోలిక నాది. తప్పులు అంత తేలిగ్గా దూరడానికీ ఆ తీరే కారణమని భావించి, గణితంలా ప్రమేయాలను కలుపుతూ రాసే వేరే పద్ధతి ప్రతిపాదించారు. దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఫోర్ట్రాన్‌లా అది ఇంటింటికీ చేరలేదు, కానీ తర్వాత వచ్చిన కొన్ని భాషలకు ఊపిరినిచ్చింది. పేరు తెచ్చిన పనిలోనే లోపం ఉందని అవార్డు తీసుకునే రోజున అంతమంది ముందు చెప్పడం నాకు ఫోర్ట్రాన్ కంటే పెద్ద పనిగా కనిపిస్తుంది.

1991లో ఐబీఎం నుంచి రిటైర్ అయ్యాక శాస్త్ర రంగానికి దాదాపు దూరమయ్యారు. ధ్యానం చేసేవారు, తనను తాను పరిశీలించుకోవడం గురించి రాసినవారి పుస్తకాలు చదివేవారు. వాళ్లలో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఒకరు. 1993లో ఇంజినీరింగ్ రంగంలో పెద్ద పురస్కారమైన డ్రేపర్ బహుమతి వచ్చింది. 2007 మార్చి 17న ఒరెగాన్ రాష్ట్రంలోని ఆష్‌ల్యాండ్‌లో ఎనభై రెండేళ్ల వయసులో కన్నుమూశారు. ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. ఫోర్ట్రాన్ తాజా ప్రమాణం 2023లో వెలువడింది. అందులో కూడా, ఇంప్లిసిట్ నన్ రాయకపోతే, ఎమ్‌తో మొదలయ్యే పేరు ఇప్పటికీ పూర్ణసంఖ్యే.